నీళ్ళమీద మాట

సెప్టెంబరు 2

ఇవాళ మా ఆయన పడవని జెట్టీకి గుద్దారు.

మెల్లగానే. ఏప్రిల్‌లో పక్షవాతం వచ్చాక చుక్కాని పట్టుకోవడం ఇదే మొదలు, అదీ ఎడమచేత్తో. కుడిచేయి ఎవరిదో ఒళ్ళో పెట్టుకు కూర్చున్నట్టు ఉంటుంది ఇప్పటికీ. “ఎడమకి తిప్పండి” అన్నాను. కుడికి తిప్పారు. ముక్కు దగ్గర చెక్క జానెడు చీలింది. క్లబ్బు వడ్రంగి చేతిలో బాడిసతోనే పరుగెత్తుకొచ్చి, “పర్లేదు సార్, చెక్కే కదా, అతికించేస్తా” అన్నాడు. ఆయన ఏదో అనబోయారు. “బ... బ...” దగ్గరే ఆగిపోయింది.

ఇరవై రెండేళ్ళుగా ఈ సరస్సు మీద అందరికంటే పెద్ద గొంతు ఆయనది.

కారులో ఏడ్చారు. నేను చూడనట్టే నడిపాను. చూడకపోవడమే మర్యాద.

సెప్టెంబరు 5

డాక్టరు ఒప్పుకున్నాడు. “నీళ్ళమీద గాలి మంచిదేనమ్మా. కానీ ఆయన కూర్చోవాలి, నడపకూడదు.”

అంటే నడపాల్సింది నేను.

మాది ఇద్దరు మనుషుల పడవ. వెనక చుక్కాని దగ్గర ఆయన, ముందు నేను. చిన్న తెరచాప తాడు లాగడం, వదలడం, బరువు అటూ ఇటూ మార్చడం, తిట్లు తినడం నా పని. “మొద్దూ, లాగు! కళ్ళద్దాలమ్ముకుని బతుకుతావు, నీకు మాత్రం కళ్ళు లేవు!” పక్క పడవలవాళ్ళు తల తిప్పుకునేవాళ్ళు. ఒడ్డెక్కగానే వేరే మనిషి. “ఏమోయ్, అలిసిపోయావా? టీ తెచ్చేదా?” మొదట్లో ఒకసారి అడిగాను, ఎందుకలా అంటారని. “నీళ్ళమీద మాట నీళ్ళమీదే. ఒడ్డుకి మొయ్యకూడదు” అని నవ్వారు.

నేనెప్పుడూ మొయ్యలేదు.

శరత్కాలం రెగట్టా, అదే పడవ పందేలు, ఈ నెల ఇరవై ఎనిమిదిన మొదలవుతుంది. ఐదు ఆదివారాలు. మా ఇద్దరి పేర్లూ ఇచ్చొచ్చాను. ఇంట్లో కూర్చోబెడితే కుంగిపోతారు. ఆయన కోసమే.

సెప్టెంబరు 13

రెండు గంటలు తిరిగాం. “తాడు లాగండి” అనేసరికి గాలి దాటిపోతోంది. ఆయనకి మాట అర్థం కావడానికి ఒక క్షణం, చేయి కదలడానికి ఇంకో క్షణం పడుతుంది. నా వైపు నుంచైనా కొంత తగ్గించాలి కదా అని “అండి” తీసేశాను.

లాగు. వదులు. జరుగు.

నీళ్ళమీద వరకే.

సెప్టెంబరు 14

నిద్ర లేవగానే గుర్తొచ్చింది, ఇరవై రెండేళ్ళలో ఆయన్ని ఏకవచనంలో పిలవడం నిన్నే మొదటిసారి. నోరేం పడిపోలేదు.

సెప్టెంబరు 18

మాటలు నేర్పే అమ్మాయి వచ్చింది. ఇల్లు, నీళ్ళు, కుర్చీ బొమ్మల అట్టలు తెచ్చింది. “ఒక్కొక్క మాట వస్తోందండీ. ఇక చిన్న వాక్యం ఒకటి పట్టుకోండి. ఇంట్లో వాడుకునేది ఏదైనా సరే, రోజుకి యాభైసార్లు అనిపించండి” అంది.

ఆలోచించాను. ఆకలేస్తోంది అనిపించవచ్చు, కానీ ఆకలి సంగతి చెప్పకపోయినా మనకి తెలుస్తుంది. త, ప, న, ద ఉంటే నాలుకకి మంచిదని ఆ అమ్మాయే చెప్పింది. అవన్నీ ఉన్న వాక్యం వెతికితే ఒకటే దొరికింది.

“తప్పు నాది.”

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశారు. తర్వాత మొదలుపెట్టారు. “త... త...”

సెప్టెంబరు 21

ముప్పయ్యోసారికి వచ్చింది. స్పష్టంగా. చప్పట్లు కొట్టాను.

సెప్టెంబరు 28

మొదటి ఆదివారం. పద్నాలుగు పడవల్లో నాలుగో స్థానం! ఆయన చుక్కాని పట్టినప్పుడు కూడా సగం ఏళ్ళు ఐదూ ఆరే.

ఎన్నో స్థానమైతే అన్ని పాయింట్లు. ఐదు వారాల్లో ఒక చెత్త వారం తీసేసి, మిగతావి ఎవరికి తక్కువైతే వాళ్ళకి కప్పు. నాలుగేళ్ళుగా క్లబ్బులో ఉండే లెక్కల మాస్టారే ఎత్తుకుపోతున్నాడు. ఇవాళ మాస్టారికి రెండో స్థానం. ఒడ్డున నా దగ్గరికొచ్చి, “మీరు నడపగలరని ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియదమ్మా” అన్నాడు. నాకు మాత్రం తెలుసా?

అరిచాను. గాలిలో అరవకపోతే వినపడదు.

అందరూ వచ్చి ఆయన భుజం తట్టారు, నాకు నమస్కారాలు పెట్టారు. “మీలాంటి ఓపిక ఎవరికుంటుందమ్మా!” టీకొట్టామె కళ్ళొత్తుకుంది. నేను ఆయనకి శాలువా కప్పి, గడ్డం తుడిచాను. ఒడ్డున నేను చాలా మంచిదాన్ని.

అక్టోబరు 1

షాపులో రద్దీ. మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, అక్షరాల బోర్డు చూపించి, అద్దాలు మార్చి మార్చి “ఇది బాగుందా, అది బాగుందా?” అని అడిగాను. దేనికైనా “రెండూ బాగున్నాయమ్మా” అంటుంది. అలా అనేవాళ్ళకి ఏమీ కనపడదు. కనపడటం లేదని ఒప్పుకోవడానికి సిగ్గు.

ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను, “నేను నడిపితే బాగుందా, మీరు నడిపితే బాగుందా?”

“బా... బాగుంది” అన్నారు.

“ఏది?”

జవాబు రాదని తెలిసే అడిగాను. పది నిమిషాలు కూర్చోబెట్టాను. వ్యాయామమే కదా.

అక్టోబరు 5

రెండో స్థానం!! మాస్టారు మూడు.

గాలి ఎటు మళ్ళుతుందో నాకు ముందే తెలిసిపోతోంది. వెన్నులో ఏదో కదిలినట్టు అవుతుంది, తిప్పుతాను, గాలి అక్కడే ఉంటుంది. ఇన్నేళ్ళూ ఈ తెలివి ఎక్కడ దాక్కుందో. ఆయనే దాచారేమో.

ఒక్కటే చిరాకు. ఆయన ముందు కూర్చుని ఎడమచేత్తో పడవ చెక్క మీద టకటక కొడుతూ ఉంటారు. పసిపిల్లల చేష్ట.

ఎర్ర తాడు అంటే నీలం తాడు లాగారు. “మొద్దు!” అన్నాను.

అనలేదు. అనుకున్నాను.

అన్నాను.

అక్టోబరు 7

ఇవాళ పోస్టుమాన్ వస్తే ఆయనే తలుపు తీశారు. కర్ర ఊతంతో నిటారుగా నిలబడి, శుభ్రంగా చెప్పారు: “తప్పు నాది.”

పోస్టుమాన్ కంగారుపడ్డాడు. “అయ్యో, అదేం లేదు సార్! సంతకం చేస్తే చాలు.”

ఆయనకి వచ్చిన వాక్యం అదొక్కటే మరి. పాలవాడికీ అదే, పక్కింటివాళ్ళకీ అదే. నాకు నవ్వాగలేదు. వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

మాటలు నేర్పే అమ్మాయి కొత్త వాక్యం మొదలుపెడదామంది. ఇది గట్టిపడనివ్వండి అన్నాను.

అక్టోబరు 12

మొదటి స్థానం.

మళ్ళీ రాస్తాను. మొదటి స్థానం.

గాలి బలంగా ఉంది. తాడు జారిపోతుందని నేనే ఆయన కుడిచేతికి రెండు చుట్లు చుట్టి, ఎడమచేత్తో లాగమన్నాను. జారలేదు. పందెం దారికి గుర్తుగా తేలే బోయాల్లో చివరిదాని దగ్గర మాస్టారు పడవ మా పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. “పట్టుకో! వదిలితే చంపేస్తా!” అని అరిచింది నా గొంతేనా? పట్టుకునే ఉన్నారు. సగం పడవ తేడాతో గెలిచాం.

ఒడ్డున వడ్రంగి తాళ్ళు చుడుతూ ఆగిపోయాడు. “అమ్మా, ఇది రక్తం.”

అరచేయి అడ్డంగా తెగింది. లోపలి తెలుపు కనపడేంత. ఆ చేతికి స్పర్శ లేదు కదా, ఆయనకే తెలియదు. తన చేతిని తనే వింతగా చూసుకుంటున్నారు. ఏడు కుట్లు.

అక్టోబరు 13

తాడు మీద రక్తం ఒడ్డుకి వచ్చాకే చూశాను.

అక్టోబరు 14

వదిన దిగింది. ఈయనకి అక్క, ఎనిమిదేళ్ళు పెద్ద. ముప్పయ్యేళ్ళు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. కట్టు సంగతి ఎవరో ఫోన్ చేసి చెప్పారట. వడ్రంగే అయ్యుంటాడు.

తలుపు ఆయనే తీశారు. అక్కని చూడగానే ముఖం వెలిగింది. నోరు తెరిచి, ఉన్న ఒక్క వాక్యమూ చెప్పేశారు.

“తప్పు నాది.”

వదిన పెట్టె గుమ్మంలోనే వదిలేసింది. “ఏంట్రా నాన్నా? ఏం తప్పు? ఎవరన్నార్రా?” అంటూ తమ్ముడి ముఖం రెండు చేతులతో పట్టుకుంది. ఆయన మళ్ళీ అదే అన్నారు, నవ్వుతూ.

“మాటల వ్యాయామం వదినా” అన్నాను.

ఆవిడ నావైపు తిరగలేదు.

అక్టోబరు 15

చివరి బోయా దాటాక చూశాను. అప్పటికి ఒడ్డు దగ్గర్లోనే ఉంది. ఆపినా ఆపకపోయినా ఒకటే.

అక్టోబరు 16

ఆయన పడుకున్నాక మధ్యాహ్నం వదిన నన్ను బాల్కనీలోకి పిలిచింది. ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది, కేక వెయ్యకుండా.

“ఆ తాడు వాడి చేతికి ఎవరు చుట్టారే?”

“నేనే.”

“ఆ చేతికి నెప్పి తెలియదని నీకు తెలుసా?”

“తెలుసు.”

“రక్తం ఎప్పుడు చూశావు?”

“ఒడ్డుకి వచ్చాక.”

చొక్కా మడత విప్పి మళ్ళీ పెట్టింది. “నేను నర్సుని. కుట్లు చూస్తే తాడు ఎంతసేపు కోసిందో తెలుస్తుంది.”

నేనూ ఒక తువ్వాలు అందుకున్నాను. ఆవిడే అంది, “వాడు నిన్ను పడవలో ఎలా తిట్టేవాడో నాకు తెలుసు. ఒకసారి వచ్చి గట్టుమీద కూర్చుని విన్నాను. మా నాన్న గొంతే. తమ్ముణ్ణి పిలిచి చెంప పగలగొట్టాల్సింది. మీ మొగుడూపెళ్ళాల గొడవ, నాకెందుకులే అని ఊరుకున్నా. అది నా పాపం.” చొక్కా పక్కన పెట్టింది. “కానీ అమ్మాయ్, వాడు తిట్టినప్పుడు నువ్వు తిరిగి తిట్టగలిగే మనిషివి. వాడిప్పుడు అలా లేడు.”

“నేను తిట్టడం లేదు వదినా. నడుపుతున్నాను.”

“ఈ ఆదివారం వాణ్ణి పంపను.”

నాలుగో ఆదివారానికి వడ్రంగిని అడిగాను. పడవలు చెక్కేవాడు, బలమైనవాడు. ఇంకా మంచిది.

అక్టోబరు 17

రెండో బోయా దగ్గర చూశాను. రాసి పెట్టుకుంటే పోతుంది. రెండో బోయా దగ్గర తాడు ఎర్రబడటం చూశాను. ఇంకా మూడు బోయాలున్నాయి. ముందున్నది రెండు పడవలే.

అక్టోబరు 19

ఆరో స్థానం.

వడ్రంగి చెప్పిన తాడు చెప్పిన క్షణంలో లాగాడు. ఒక్క తప్పు లేదు. అయినా నేను తిప్పిన చోటల్లా గాలి చచ్చింది. నా వెన్నులో ఏదీ కదల్లేదు. మూడో బోయా దగ్గర అర్థమైంది ఏం తక్కువైందో. పడవలో చప్పుడు లేదు.

ఆ టకటక.

ఒకసారి కొడితే ఎడమ. రెండుసార్లు కొడితే కుడి. ఐదేళ్ళ పిల్లాడికి కూడా అర్థమయ్యేదే. మాట లేక చేత్తో చెప్తున్నారు గాలి ఎటునుంచి వస్తోందో. నేను వింటున్నాను, తిప్పుతున్నాను, నా తెలివి అని ఇక్కడ రాసుకుంటున్నాను.

అక్టోబరు 20

మాస్టారు కూడా నిన్న నాలుగే. చెత్త వారం తీసేస్తే మాస్టారికీ ఏడు, మాకూ ఏడు. ఆఖరి ఆదివారం ఎవరు ముందుంటే వాళ్ళది కప్పు.

ఆయన్ని తీసుకెళ్ళాలి.

అక్టోబరు 23

మూడు రోజులు ఆయనకి నచ్చిన మనిషిలా ఉన్నాను. గోళ్ళు తీశాను. పడవ ఫోటోలు చూపించాను. “మీరు లేకపోతే నాకు చేతకాదండీ” అన్నాను. నిజమే. కానీ ఎర వెయ్యడానికి చెప్పాను. ఆయన నవ్వారు, ఎడమ సగంతోనే అయినా, పెళ్ళైన కొత్తల్లో నవ్వినట్టు. తర్వాత పడవలో ఉన్నట్టు మంచం అంచు మీద రెండుసార్లు కొట్టి నా ముఖం చూశారు, తెలిసిందా అన్నట్టు. తెలిసిందన్నాను.

వదిన తలుపు దగ్గర నిలబడి చూసింది. “నీ మాట విని కాదు. వాడి ముఖం చూసి ఒప్పుకుంటున్నా” అంది. “తాడు మాత్రం ఆ చేతికి చుట్టకు.”

చుట్టనన్నాను. చుట్టలేదు కూడా. అది మాత్రం నిజం.

అక్టోబరు 26

మొత్తం రాయాలి.

గాలి అసలు లేదు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి, మీద ఎండుటాకులు తేలుతున్నాయి. పద్నాలుగు పడవలూ తెరలు వేలాడేసుకుని పాకుతున్నాయి. చివరి బోయా తిరిగేసరికి మాస్టారు ముందు, వెనక మేము, మధ్యలో రెండు పడవల దూరం. అందరూ ఎడమ ఒడ్డుకి పోతున్నారు, అక్కడ చెట్లు కదులుతున్నాయని. మాస్టారూ అటే.

టక టక.

కుడి. కుడివైపు ఏముంది? చచ్చిన నీళ్ళు. “కాదు” అన్నాను. టక టక. “ఎడమకే పోతున్నాను, ఊరుకో!” టక టక, టక టక, చెక్క పగిలిపోయేలా. వెనక్కి తిరిగి నా కళ్ళలోకి చూశారు. నోరు తెరుచుకుంది, మెడలో నరాలు లేచాయి.

“కు... కుడి! మొద్దూ!”

రెండు కొత్త మాటలు, ఆరు నెలల తర్వాత. ఎవరూ నేర్పకుండానే వచ్చాయి.

నా చెయ్యి దానంతటది కుడికి తిప్పింది. ఇరవై రెండేళ్ళ అలవాటు. అరనిమిషంలో నీళ్ళమీద ముడతలు కనపడ్డాయి, తెర నిండింది, పడవ వంగింది. మాస్టారు పడవ అక్కడే నిలబడి ఉండగా పక్కనుంచి పోయాం. హారన్ మోగింది. గెలిచాం. ఆయన ఎడమచేయి పైకెత్తి, గొంతులో ఏదో శబ్దం చేస్తున్నారు. నాకు మాత్రం ఒక్కటే వినపడుతోంది, మొద్దు అన్న మాట.

క్లబ్బు హాల్లో బహుమతులు. పొడుగు బల్లలు, కాగితం కప్పుల్లో టీ, తడి బూట్ల వాసన. ప్రెసిడెంటు మైకు పట్టుకుని, “ఈ కప్పు కన్నా ఈయన ధైర్యం పెద్దది” అన్నాడు. అరవై మంది లేచి నిలబడి చప్పట్లు. ఆగవే. కప్పు ఆయన ఒళ్ళో పెట్టారు. “అంత ఓర్పు గల ఇల్లాలు దొరకడం కూడా అదృష్టమే. రెండు మాటలు చెప్పండమ్మా.”

మైకు తీసుకున్నాను. ఇదే చెప్పాను, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

“ధైర్యానికేముందండీ. పడవకి ముందు బరువు కావాలి, ఈయన్ని కూర్చోబెట్టాను. ఇసక మూటైనా సరిపోయేది. కాకపోతే మూటకి గడ్డం తుడవక్కర్లేదు.”

ముందు ఎవరో ఒకరు నవ్వారు, ఆ వెనకే అందరూ. ఆయన కూడా నవ్వారు. అందరికంటే ఆలస్యంగా, అర్థమయ్యాక. ఎడమ సగం నవ్వుతూ ఉండగానే కళ్ళు నావైపు తిరిగాయి. నవ్వు అలాగే ఉంది. దించుకోవడం చేతకాలేదో ఏమో.

మాస్టారు నవ్వలేదు. వదిన తమ్ముడి ఒళ్ళోంచి కప్పు తీసి బల్ల మీద పెట్టి, “లేరా, ఇంటికెళ్దాం” అంది.

అక్టోబరు 27

ఆయన ఎన్ని మాటలన్నా నీళ్ళమీదే అన్నారు. అరవై మంది ముందు, నేల మీద, ఎప్పుడూ అనలేదు.

పొద్దున్న ఇంట్లో రెండు పెట్టెలు సర్ది ఉన్నాయి. “నువ్వు చెప్పరా” అంది వదిన. ఆయన కర్ర మీద ఆని, నా ముఖం చూడకుండా, చాలా కష్టపడి ఒక్క మాట తీశారు.

“అక్కతో.”

“ఎన్నాళ్ళు?” అన్నాను.

ఆ మాట ఆయనకి రాలేదు. లేక అక్కర్లేదు. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది. సరిచేయబోయాను. ఒక అడుగు వెనక్కి వేశారు. పడిపోతారని భయమేసింది. పడలేదు.

వదిన మెట్ల దగ్గర ఆగింది. “నిన్ను తిట్టే అర్హత నాకు లేదమ్మాయ్. కానీ వాణ్ణి ఇక్కడ వదల్లేను.”

అక్టోబరు 28

కప్పు క్లబ్బువాళ్ళు ఇంటికి పంపారు. నా పేరు లేదు. ఆయన పేరే చెక్కించారు, ఎప్పటిలాగే పడవ ఆయన పేరు మీద ఉంది కాబట్టి.

నవంబరు 1

షాపు.

నవంబరు 2

షాపు. ఇల్లు నిశ్శబ్దంగా బాగుంది.

నవంబరు 5

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

నవంబరు 11

వదిన ఫోన్ చేసింది. అక్కడ కొత్త డాక్టరు, కొత్త వ్యాయామాలు. ఆయన మాట బాగా పుంజుకుందట. ఐదారు మాటల వాక్యాలు వస్తున్నాయట. పాత వాక్యం అనడం మానేశారట.

“మంచిది వదినా” అన్నాను. చాలాసేపు వేరేవి మాట్లాడాను, మందులు, చలి, కుట్లు. చివరికి అడిగేశాను.

“నా గురించి ఏమైనా అడిగారా?”

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

“పడవ గురించి అడుగుతున్నాడమ్మా. రోజూ. ఒడ్డుకెక్కించారా, తెరచాప ఆరబెట్టారా అని. తడిగా మడిస్తే పాడైపోతుందట.”

“ఇంకేం?”

“ఇంకేం లేదు.”

“ఆరబెట్టానని చెప్పండి” అన్నాను.

తెరచాప పదహారు రోజులుగా తడి సంచిలోనే ఉంది.